సిలబస్ పుట్టింది వాళ్ల చేతుల్లో, పరీక్ష పెట్టింది వాళ్లకే
(మనకు చెప్పని చరిత్ర – 14వ భాగం)



పోయిన భాగంలో మంత్రసానుల గురించి రాశాను. ఊరి బిడ్డలందరికీ బొడ్డు కోసిన చేతులు ఆ తర్వాత మూడోరోజుకే అంటరానివి ఎట్లా అయ్యాయో చెప్పుకున్నాం. ఈసారి ఇంకొన్ని చేతుల కథ. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో, నల్లజాతి వాళ్ల చేతుల కథ. అక్కడి నుంచి మన 108 బండి దగ్గరికి, మన పిల్లలు చదువుతున్న డిగ్రీ దగ్గరికి వద్దాం. పొడుగ్గానే ఉంటుంది. తీరిక చేసుకుని చదవండి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన దగ్గర పారామెడికల్ అంటే ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర్నుంచి ఎక్స్‌రే తీసేవాళ్ల దాకా అందరూ వస్తారు. ఈ వ్యాసం పారామెడిక్ గురించి. అంటే ప్రమాదం జరిగిన చోటికి, గుండె ఆగిన ఇంటికి, పురుడు కష్టమైన గుడిసెకి బండేసుకుని వెళ్లి, డాక్టరు కనపడేలోపు ప్రాణం నిలబెట్టే మనిషి. ఊపిరి గొట్టం వెయ్యాలి, రక్తం ఆపాలి, ఈసీజీ చదవాలి, సెలైన్ ఎక్కించాలి, ఏ మందు ఎంత ఇవ్వాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఇదంతా కదిలే బండిలో, ఏడ్చే చుట్టాల మధ్య. ఇది మోసే పని మాత్రమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా ఈ కథలోనే ఉంది.

*

1960ల అమెరికా అంటే చంద్రుడి మీదికి మనిషిని పంపే పనిలో ఉన్న దేశం. అదే దేశంలో రోడ్డు మీద మనిషి పడిపోతే ఎవరొచ్చేవాళ్లో తెలుసా? పోలీసులు. లేదంటే శవాల బండి వాళ్లు.

నేను వెటకారానికి అనడం లేదు. 1966లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదిక ఇచ్చింది. అంతకు ముందు ఏడు, అంటే 1965లో, ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని లెక్క చెప్పింది. దేశంలో అంబులెన్సు సేవల్లో దాదాపు సగం అంత్యక్రియల వ్యాపారం చేసేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయని రాసింది. కారణం? మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లడానికి వీలున్న పొడుగు బండ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి! కొరియా, వియత్నాం యుద్ధాలు చూసొచ్చిన నిపుణులు, పెద్ద దెబ్బ తగిలితే నగరం వీధిలో కంటే యుద్ధభూమిలోనే బతికే అవకాశం ఎక్కువని బాహాటంగా అన్నారని కూడా అందులో ఉంది.

పిట్స్‌బర్గ్‌లో ఆ పని పోలీసు వ్యాన్లది. నేరస్తుల్ని ఎక్కించుకునే వ్యానులోనే రోగినీ పడేసుకుని వెళ్లేవాళ్లు. వెనకాల పక్కన కూర్చునే మనిషి ఉండడు, ఆక్సిజన్ అందించే చదువు ఎవరికీ ఉండదు. మోసుకెళ్లడం, దించడం, అంతే.

ఆ ఊళ్లో నల్లజాతి వాళ్లుండే పేట పేరు హిల్ డిస్ట్రిక్ట్. 1950ల చివర్లో నగరాభివృద్ధి పేరు చెప్పి ఆ పేట కింది భాగాన్ని నేలమట్టం చేశారు. దాదాపు 8 వేల మందిని ఖాళీ చేయించి, అక్కడ ఒక పెద్ద క్రీడా ప్రాంగణం కట్టారు. మిగిలిన పేటలో పనుల్లేవు. పైగా అక్కడ పోలీసు వ్యాను వస్తే గుండెపోటు వచ్చిన మనిషి కూడా భయపడే రోజులు. పోలీసుకి ఫోన్ చేసి పిలిస్తే వాళ్లు వస్తారో రారో తెలియదు, వచ్చినా ఏ మొహంతో వస్తారో తెలియదు. మన పల్లెల్లో పోలీసు జీపు గురించి నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

*

ఆ 1966లోనే రెండు చావులు జరిగాయి.

ఒకటి, పీటర్ సఫార్ అనే డాక్టరు కూతురిది. ఈయన ఆస్ట్రియాలో పుట్టి అమెరికా వెళ్లినవాడు. నోటితో ఊపిరి ఊది మనిషిని బతికించవచ్చని 1950ల చివర్లో ప్రయోగాలు చేసి నిరూపించిన వాళ్లలో ముఖ్యుడు. ఇవ్వాళ మనందరికీ తెలిసిన సీపీఆర్ వెనక ఆయన పని ఉంది. అట్లాంటి మనిషి 11 ఏళ్ల కూతురు ఉబ్బసంతో చనిపోయింది.

రెండోది, డేవిడ్ లారెన్స్ అనే పెద్ద నాయకుడిది. పిట్స్‌బర్గ్‌కి మేయరుగా, పెన్సిల్వేనియా రాష్ట్రానికి గవర్నరుగా చేసినవాడు. నవంబరులో ఎన్నికల సభలో కుప్పకూలాడు. ఆయన్నీ పోలీసు బండిలోనే తీసుకెళ్లారు. గుండె మళ్లీ కొట్టుకుంది గానీ, అప్పటికే మెదడు పోయింది. కొన్ని రోజులకి ప్రాణమూ పోయింది.

గవర్నరుకే దిక్కులేని చోట హిల్ డిస్ట్రిక్ట్‌లో కూలివాడికి ఏం దిక్కు? ఆసుపత్రి లోపల ఎంత గొప్ప వైద్యం ఉన్నా, ఆసుపత్రికీ మనిషికీ మధ్య ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే ప్రాణాలు పోతున్నాయని సఫార్‌కి బాగా తెలుసు. ఆ నిమిషాల కోసం ఒక కొత్త ఉద్యోగాన్ని తయారుచేయాలి. ఎవరితో?

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఫిల్ హాలెన్ అనే ఆయన ఒక వైద్య నిధి సంస్థకి అధ్యక్షుడు. ఒకప్పుడు అంబులెన్సు నడిపిన మనిషి. హిల్ డిస్ట్రిక్ట్‌లో జిమ్ మెక్‌కాయ్ అనే పౌరహక్కుల కార్యకర్త ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో నల్లజాతి నిరుద్యోగులకి పనులు చూపించే సంస్థ నడుపుతున్నాడు. 1967లో ఈ ముగ్గురూ కలిశారు. పుట్టింది ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్.

మొదటి బ్యాచ్‌లో పాతిక మంది దాకా చేరారు. అందరూ ఆ పేట మగపిల్లలే. చాలామంది హైస్కూలు మధ్యలో మానేసినవాళ్లు. కొందరు వియత్నాం నుంచి వచ్చినవాళ్లు. కొందరి మీద పాత కేసులున్నాయి. ప్రభుత్వ భాషలో వాళ్లకి అప్పుడున్న పేరు, ఉద్యోగానికి పనికిరానివాళ్లు. గుర్తుపెట్టుకోండి ఈ మాటని. ఆ పనికిరానివాళ్లకి సఫార్ 300 గంటల పాఠాలు పెట్టాడు. శరీర నిర్మాణం, శరీర ధర్మం, ఊపిరి నిలబెట్టడం, గాయాల సంరక్షణ, ఆసుపత్రి వార్డుల్లో అనుభవం, బండి నడపడం. స్కూలు పూర్తి కానివాళ్లతో ఆ పరీక్ష కూడా రాయించారు. దేశంలో చాలా అంబులెన్సుల్లో పనిచేసేవాళ్లకి ప్రథమ చికిత్స పాఠాలు కూడా సరిగ్గా లేని రోజులవి.

1968లో బండ్లు రోడ్డెక్కాయి. మొదట్లో రెండే. మొదటి ఏడాదిలో దాదాపు 5,800 పిలుపులకి వెళ్లారు, 4,600 మందికి పైగా ఆసుపత్రికి చేర్చారు. ఆ ఏడాది 200 ప్రాణాలు నిలబెట్టారని సఫార్ లెక్క కట్టాడు. 1972లో చేసిన ఒక అధ్యయనంలో, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకి వీళ్లు 89 శాతం సార్లు సరైన చికిత్స చేశారని తేలింది. పోలీసు బండ్లు ఆ దరిదాపుల్లో కూడా లేవు.

ఒక్క పిట్స్‌బర్గే అంతా చేసిందని నేను చెప్పను. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో 1966లోనే ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టరు గుండెజబ్బు బండి నడిపాడు. మయామి, సియాటిల్, లాస్ ఏంజెలెస్ నగరాల్లోనూ అదే కాలంలో ప్రయత్నాలు జరిగాయి. కానీ చదువు మానేసిన పేట పిల్లల్ని తీసుకుని, రోడ్డు మీద అన్ని రకాల ఆపదలకీ చికిత్స చేయగలిగే మనుషులుగా తీర్చిదిద్దింది ఫ్రీడమ్ హౌసే.

జాన్ మూన్ అనే ఆయన కథ వినండి. ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా చేసేవాడు. మంచాలు తోయడం, రోగుల్ని శుభ్రం చేయడం. ఒకరోజు ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు యూనిఫాం వేసుకుని రోగిని తీసుకొచ్చి, నర్సులతో ధీమాగా మాట్లాడి, చకచకా పని చేసుకుని వెళ్లడం చూశాడు. అట్లాంటి నల్లవాళ్లని ఆ ఆసుపత్రిలో ఆయన ఎప్పుడూ చూడలేదు. వెళ్లి ఫ్రీడమ్ హౌస్‌లో చేరాడు. తనలాంటి మనిషి ఆ పనిలో కనపడటమే ఆయన్ని కదిలించింది. ప్రాతినిధ్యం గురించి మనం సభల్లో గంటలు గంటలు మాట్లాడతామే, దాని అర్థం ఇంతే.

*

మరి అంత బాగా చేస్తే ఏమవ్వాలి? నెత్తిన పెట్టుకోవాలి కదా?

పోలీసులకి కంటగింపైంది. పిలుపులు వీళ్లకి అందించేవాళ్లు కాదు. దాంతో ఫ్రీడమ్ హౌస్ కుర్రాళ్లు పోలీసు రేడియో వింటూ, కబురు తెలియగానే పోలీసుల కంటే ముందు చేరడానికి పరిగెత్తేవాళ్లు. 1970లో పీట్ ఫ్లాహర్టీ అనే మేయరు వచ్చాడు. ఆయన హయాంలో నిధులు కోతపడ్డాయి. ఇంకోపక్క తెల్లవాళ్ల పేటల్లో ఒక ప్రశ్న మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ పేదోళ్లకి అంత మంచి అంబులెన్సు ఉంటే, పన్నులు కట్టే మాకేది? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఫ్రీడమ్ హౌస్‌నే ఊరంతటికీ పెంచడం. మేయరు అట్లా చేయలేదు. నగరానికి సొంత అంబులెన్సు విభాగం పెడతానన్నాడు.

అదే సమయంలో, 1974లో, నాన్సీ కరోలిన్ అనే యువ డాక్టరు ఫ్రీడమ్ హౌస్‌కి వైద్య బాధ్యురాలిగా వచ్చింది. బండ్లలో తిరిగింది, రాత్రీ పగలూ వాళ్లతో ఉంది, ఇంకా పైస్థాయి పాఠాలు చెప్పింది. అమెరికా రవాణా శాఖ దేశమంతటికీ పారామెడిక్ సిలబస్ కావాలనుకుంది. ఆ బాధ్యత కరోలిన్‌కి అప్పగించింది. ఆ సిలబస్‌ని ఆమె ఎక్కడ పరీక్షించింది, ఎవరితో పరీక్షించింది? ఫ్రీడమ్ హౌస్ కుర్రాళ్లతో. వాళ్లు చేసి చూపించిన పనే పాఠమైంది. 1979లో ఆమె రాసిన పాఠ్యపుస్తకం ఆ తర్వాత ఎన్నో దేశాల పిల్లలు చదివిన పుస్తకం. మన దగ్గర ఈ కోర్సు చదివే పిల్లల లైబ్రరీల్లోనూ దాని కొత్త ముద్రణలు కనపడతాయి.

1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. నగరం సొంత విభాగం మొదలైంది. పాతవాళ్లందర్నీ తీసుకోవాలని కరోలిన్ గట్టిగా కొట్లాడితే సరే అన్నారు. తీసుకున్నాక ఏం చేశారు? కలిసి పనిచేసిన జట్లని విడదీశారు. పాత కేసులున్నవాళ్లని తీసేశారు. పాస్, ఫెయిల్ పరీక్షలు పెట్టి కొందర్ని పంపించేశారు. మిగిలినవాళ్లలో కొందర్ని రోగితో సంబంధం లేని పనులకి తోసేశారు. ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని పక్కన నిలబెట్టి, కొత్తగా నేర్చుకున్న తెల్లవాడికి పెత్తనమిచ్చారు. విసిగిపోయి చాలామంది వెళ్లిపోయారు. ఏ పని చేసి దేశానికి సిలబస్ ఇచ్చారో, ఆ పనికే వాళ్లు అర్హులు కాదన్నారు!

అక్కడితో అయిపోలేదు. జాన్ మూన్ పట్టుబట్టి నిలబడ్డాడు. ఆ విభాగంలోనే అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగి 2009లో రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా నల్లజాతి పిల్లల్ని వెతికి చేర్పించాడు. అట్లా చేర్చినవాళ్లలో అమెరా గిల్‌క్రిస్ట్ అనే ఆమె 2023లో ఆ విభాగానికి చీఫ్ అయింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మహిళ. ఫ్రీడమ్ హౌస్ నుంచే వెళ్లిన మిచెల్ బ్రౌన్ కొలంబస్ నగరానికి ప్రజా భద్రత డైరెక్టరయ్యాడు. ఇవ్వాళ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఎమర్జెన్సీ మెడిసిన్ బ్యాచిలర్ డిగ్రీ ఉంది. స్కూలు మానేసిన నల్లజాతి కుర్రాళ్లు చేసి చూపించిన పని, వాళ్ల ఊళ్లోనే డిగ్రీ అయి కూర్చుంది.

*

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

అంబేడ్కర్ తన వీసా అనుభవాల రచనలో ఒక ఉత్తరం గురించి చెబుతారు. 1929 డిసెంబరులో గాంధీ నడిపిన యంగ్ ఇండియాలో అచ్చయిన ఉత్తరం అది. రాసింది కాఠియావాడ్‌లోని ఒక దళిత బడిపంతులు. ఆయన భార్య ప్రసవించిన రెండు రోజులకి జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల కాళ్లావేళ్లా పడి, రెండు రూపాయల ఫీజుకి వాళ్లు పూచీ ఉంటే, వాడ బయట చూస్తానన్నాడు. పచ్చి బాలింతని, పసిగుడ్డుతో సహా, బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్త చేతికిచ్చాడు. భర్త భార్యకి పెట్టాడు. మళ్లీ అదే దారిలో వెనక్కి. దీపం వెలుతురులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు, మందు పంపించాడు. తర్వాత పిలిస్తే రాలేదు. ఆమె చనిపోయింది.

ఆ థర్మామీటరు చేసిన ప్రయాణాన్ని ఒకసారి కళ్లముందు పెట్టుకోండి. డాక్టరు చదువుకున్నవాడే. జబ్బు పేరు కూడా చెప్పాడు. తక్కువైంది చదువు కాదు, తాకడం. పారామెడిక్ చదువులో మొదటి పాఠం తాకడమే. నాడి చూడాలి, గడ్డం ఎత్తి గొంతు తెరవాలి, ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కాలి. దూరం నుంచి థర్మామీటరు విసిరి ఎవర్నీ బతికించలేం.

ఇంకో పాఠం ఉంది, ట్రయాజ్ అంటారు. బస్సు బోల్తా పడి ముప్పై మంది గాయపడితే ఎవర్ని ముందు చూడాలి? ఆసామినా, కూలీనా? పెద్దగా అరిచేవాణ్నా? కాదు. ఊపిరి ఎవరిది ఆగిపోతోందో, రక్తం ఎవరిది ఆగకుండా పోతోందో వాళ్లని. మన దేశంలో బావి దగ్గర, గుడి దగ్గర, పంక్తి భోజనం దగ్గర వరస ఎట్లా ఉండేదో మనకి తెలుసు. కులం అడక్కుండా, ఊపిరిని మాత్రమే అడిగే వరస ఇది. అందుకే మన పిల్లలు ఈ చదువులోకి వెళ్తున్నారంటే నాకు సంతోషం.

మన రాష్ట్రానికి ఈ పని 2005 ఆగస్టు 15న వచ్చింది. ఆ రోజు హైదరాబాద్‌లో 108 మొదలైంది. బండి నడిపేవాళ్లని పైలట్ అన్నారు, వెనక రోగి దగ్గర ఉండేవాళ్లని ఈఎంటీ అన్నారు. సైన్సు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు చాలామంది కొన్ని వారాల శిక్షణతో ఆ బండెక్కారు. 2007లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తోడ్పాటుతో రెండేళ్ల పెద్ద కోర్సు కూడా పెట్టారు. మన పల్లెలకి, తండాలకి, కొండ మీది గూడేలకి దగ్గరగా వచ్చే వైద్యం అంటే చాలాకాలం ఆ బండే. అందులో పుట్టిన బిడ్డలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ బిడ్డల్ని పట్టుకున్నవాళ్లు మాత్రం కాంట్రాక్టు ఉద్యోగులుగానే మిగిలారు. 12 గంటల షిఫ్టులు, చాలీచాలని జీతం, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని బతుకు.

2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. డాక్టర్లకీ నర్సులకీ ఉన్నట్టే, ఈ వృత్తులకీ కౌన్సిళ్లు, రిజిస్ట్రేషన్, ఒకే ప్రమాణం ఉండాలన్నది దాని ఉద్దేశం. ఎమర్జెన్సీ పారామెడిక్ పేరు దాని జాబితాలో ఉంది. చట్టం రెండు మెట్లు పెట్టింది. అనుబంధ వృత్తి నిపుణుడికి కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలి. ప్రపంచం కూడా అటే నడుస్తోంది. ఇంగ్లండ్‌లో పారామెడిక్‌గా రిజిస్టరు కావాలంటే 2021 సెప్టెంబరు నుంచి ఆనర్స్ డిగ్రీ స్థాయి చదువే ప్రమాణం.

300 గంటలతో మొదలైన చదువు 3,600 గంటలకి చేరింది. మంచిదేనా?

*

మా తమ్ముడి కూతురు ఒకతి బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ చదువుతోంది. మూడేళ్లు క్లాసులు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మా పల్లెలో ఈ చదువు చదివే మొదటి పిల్ల. చేరేటప్పుడు వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి కూర్చుని ఏడ్చింది.

"ఏంది వదినా ఇది? శవాలు మోసే పని మా మావతోనే పోయిందనుకున్నా. చదివించి చదివించి మళ్లీ ఆ బండే ఎక్కించాలా? ఏ బ్యాంకు ఉద్యోగమో చూడరాదా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వాళ్ల మామ చచ్చిన పశువుల్నీ, దిక్కులేని శవాల్నీ మోసినవాడు. ఊరంతా ఆయన్ని వాడుకుంది, ఊరంతా ఆయన్ని దూరంగా కూర్చోబెట్టింది. ఆ ఇంటి కోడలికి స్ట్రెచర్ చూస్తే పాడె గుర్తుకురాదా?

పిల్లే జవాబు చెప్పింది.

"అమ్మా, తాత చచ్చినోళ్లని మోశాడు. నేను చావకుండా చేస్తా. తాతకి ఊరు చెప్పింది చెయ్యమని. నా బండిలో నేను చెప్తా, ఊరు వినాలి. కాదా అత్తా?"

కాదని నేనేమంటాను! తాత చేసినదీ మనవరాలు చేయబోయేదీ ఒకే రకం పని కాదా అంటే, చేతులు చేసే పనిలో పెద్ద తేడా లేకపోవచ్చు. తాతకి వద్దనే హక్కు లేదు, కూలి అడిగే హక్కు లేదు, ఆ పనికి చదువన్న పేరు లేదు. మనవరాలికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, జీతం స్లిప్పు ఉంటుంది, ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో చెల్లే పట్టా ఉంటుంది. డిగ్రీ అంటే నాకు అదీ.

కానీ ఆ పట్టా దాకా చేరనివ్వాలి కదా. ఆ పిల్ల చదివే కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని ఒక సెమిస్టరు హాల్‌టికెట్ ఆపింది. రావలసింది ప్రభుత్వం నుంచి, అడిగింది మిరపకాయలు కోసే తల్లిని. పల్లెలో తలా ఇంత వేసుకుని కట్టాం. ఎస్సీ పిల్లలకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలో. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ డబ్బు నెల తప్పకుండా పిల్ల చేతికి అందకపోతే, 3,600 గంటలన్నది ప్రమాణం కాదు, గోడ.

మన మిత్రులు కొందరు ఇంకో మాట అంటారు. డాక్టరు సీట్లు వాళ్లు తీసుకుని, మన పిల్లల్ని పారా పక్కకి తోస్తున్నారు, మీరు దాన్ని పొగుడుతున్నారు అని. ఆ అనుమానం న్యాయమైనదే. డాక్టరు సీటు మీద మన హక్కు ఒక్క అంగుళం కూడా వదలకూడదు. అయితే పారామెడిక్ డాక్టరుకి తక్కువ రకం కాపీ కాదు. అది వేరే విద్య. పీటర్ సఫార్ అంతటివాడు ఆసుపత్రి లోపల చేయలేని పనిని బయట చేయడానికి పుట్టింది. ఆ విద్యకి గౌరవం లేకపోవడానికి కారణం విద్య కాదు, దాన్ని మొదట ఎవరు చేశారన్నదే. పిట్స్‌బర్గ్‌లో నల్లవాళ్లు చేసినంతకాలం అది పేదోళ్ల పథకం. తెల్లవాళ్లు చేతిలోకి తీసుకున్న రోజునే అది వృత్తి అయింది. ఈ వృత్తికి ఇక్కడ గౌరవం, జీతం, పదోన్నతి వచ్చే రోజుకి మనం లోపల ఉండాలా, గేటు బయట ఉండాలా? నేను లోపలే ఉండమంటాను.

*

ఫ్రీడమ్ హౌస్ నుంచి మనం నేర్చుకోవలసింది జాగ్రత్త. కొత్త ప్రమాణం వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేయాలి. ఇప్పటిదాకా ఆ పని చేసినవాళ్లు ఏమవుతారు? ఇకముందు దాన్ని చదవగలిగేవాళ్లు ఎవరు?

మొదటిదానికి నా జవాబు ఇది. పదేళ్లు, పదిహేనేళ్లు 108 బండిలో ప్రాణాలు నిలబెట్టిన ఈఎంటీలని, నీకు ఫలానా డిగ్రీ లేదు పో అనకూడదు. వాళ్ల అనుభవానికి లెక్క కట్టి, ఉద్యోగం చేస్తూనే, జీతం తీసుకుంటూనే డిగ్రీ పూర్తిచేసే దారి ప్రభుత్వమే వేయాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తూ పారామెడిక్ డిగ్రీ తెచ్చుకునే అప్రెంటిస్ పద్ధతి ఉంది. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు కాదు?

రెండోదానికి జవాబు. ఈ డిగ్రీ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఎక్కువ సీట్లతో ఉండాలి. ప్రైవేటు ఫీజుతో మిరప కూలీల పిల్లలు చదవలేరు. స్కాలర్‌షిప్ సమయానికి రావాలి. ప్రభుత్వం బాకీ పడితే పిల్లల సర్టిఫికెట్లు ఆపే అధికారం ఏ కాలేజీకీ ఉండకూడదు. ఇంటర్న్‌షిప్ ఏడాదికి స్టైపెండ్ ఇవ్వాలి, ఊరికే చాకిరీ చేయించుకోకూడదు. రాత్రి డ్యూటీ చేసే ఆడపిల్లలకి హాస్టలు, రవాణా ఉండాలి. రాష్ట్ర కౌన్సిళ్లలో మనవాళ్లు ఉండాలి, ఎందుకంటే రేపు ఎవరు అర్హులో తేల్చేది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే.

ఇంటర్ బైపీసీ చదువుతున్న పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట. నీట్ రాలేదని పిల్ల బతుకు అయిపోయినట్టు ఏడవకండి. ఈ కోర్సు గురించి అడగండి. చేర్చే ముందు మూడు విషయాలు కాగితం మీద చూపించమనండి. యూనివర్సిటీ గుర్తింపు ఉందా? పోస్టింగు వేసే ఆసుపత్రిలో నిజంగా ఎమర్జెన్సీ విభాగం ఉందా? చదువయ్యాక కొత్త చట్టం కింద రిజిస్ట్రేషన్‌కి ఈ డిగ్రీ చెల్లుతుందా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. బోర్డు చూసి మోసపోయిన పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు.

ఇప్పటికే చదువుతున్న పిల్లలకి ఇంకో మాట. మీ పాఠ్యపుస్తకంలో ఊపిరి గొట్టం వేసే పాఠం వచ్చినప్పుడు, ఉద్యోగానికి పనికిరానివాళ్లని ముద్ర వేయించుకున్న కొందరు నల్లజాతి కుర్రాళ్లు ఆ పని రోడ్డు మీద చేసి చూపించారని గుర్తుచేసుకోండి. క్లాసులో ఎవరైనా, మీరు రిజర్వేషన్‌తో వచ్చారు కదా అంటే, హిల్ డిస్ట్రిక్ట్ పేరు చెప్పండి. మీరు ఎవరి దయతోనూ ఈ విద్యలోకి రాలేదు. మనలాంటివాళ్లు పుట్టించిన విద్యలోకి వచ్చారు.

వచ్చే భాగంలో ఆసుపత్రి మార్చురీల్లో తరతరాలుగా పనిచేస్తున్న మనవాళ్ల గురించి, పోస్ట్‌మార్టం గదిలో కత్తి పట్టిన చేయి ఎవరిదో, రిపోర్టు మీద సంతకం ఎవరిదో రాస్తాను.

చదువు, సమీకరించు, పోరాడు.
జై భీమ్!